పేర్ల జాబితా కూడా సాక్ష్యమే

సాక్ష్యం అనగానే మనకు న్యాయస్థానం గుర్తుకొస్తుంది. బోను, న్యాయమూర్తి, ప్రమాణం కళ్ల ముందు మెదులుతాయి. కాని ఇస్లాం దృష్టిలో సాక్ష్యం పరిధి చాలా విశాలమైనది. మరొకరి హక్కు ఆధారపడి ఉన్న విషయాన్ని, తెలిసిన మనిషి నోటితో చెప్పినా, కాగితం మీద రాసినా, కంప్యూటరులో మీట నొక్కి పంపినా అది సాక్ష్యమే. డాక్టరు ఇచ్చే సర్టిఫికెట్టు, పరీక్ష పత్రాలు దిద్దే ఉపాధ్యాయుడు వేసే మార్కులు కూడా సాక్ష్యాలేనని ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు తన ఖుర్ఆన్ వ్యాఖ్యానం ‘మఆరిఫుల్ ఖుర్ఆన్’లో వివరించారు. వాటిలో అబద్ధం చెప్పినవాడు అబద్ధపు సాక్ష్యం ఇచ్చినట్టే.

అలాంటి సాక్ష్యం ఒకటి మన చుట్టూ ప్రతి నెలా నమోదవుతోంది. కార్ఖానాదారులు, లేబర్ కాంట్రాక్టర్లు, స్కూళ్లు, ఆసుపత్రులు నడిపేవారు తమ దగ్గర ఎవరెవరు పనిచేస్తున్నారో, ఎంత జీతం తీసుకుంటున్నారో చెప్తూ ఉద్యోగుల భవిష్యనిధి సంస్థకు జాబితా పంపుతారు. జనం దాన్ని ‘పి.ఎఫ్. రిటర్ను’ అంటారు. అది ఆఫీసు పని, దానికీ దీన్‌కూ సంబంధమేమిటని చాలామంది అనుకుంటారు. ఐదు పూటలా నమాజు చేసే సోదరులు కూడా ఆ జాబితాలో పది పేర్లు తగ్గించి పంపడాన్ని పాపంగా భావించరు. ఇది నిజంగా పాపమేనా? పాపమైతే ఎవరి పట్ల?

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయత్ బఖర సూరాలోని 282వది. అది లావాదేవీలు రాసిపెట్టుకోవడం గురించి అవతరించింది. రాసేవాడు న్యాయంగా రాయాలని, ఎవరి మీద బాకీ ఉందో అతనే చెప్పి రాయించాలని, చెప్పేటప్పుడు అల్లాహ్‌కు భయపడి దానిలో ఏమీ తగ్గించకూడదని అందులో ఆజ్ఞ ఉంది. బాకీ ఉన్నవాడే చెప్పి రాయించాలన్న మాటను గమనించండి. పి.ఎఫ్. జాబితా విషయంలో సరిగ్గా ఇదే జరుగుతుంది. కార్మికుడికి బాకీ ఉన్నవాడు యజమాని. జాబితా చెప్పి రాయించేవాడూ అతనే. కార్మికుడు ఆ గదిలో ఉండడు. తన పేరు రాశారో లేదో అతనికి తెలియను కూడా తెలియదు. అందుకే అక్కడ తగ్గించడం చాలా సులభం. అందుకే అక్కడ అల్లాహ్ భయం చాలా అవసరం.

జాబితాలో ఏముంటుంది?

మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు వెళ్లే జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి, ఆ రెండింటినీ కలిపే ఔటర్ రింగు రోడ్డు - వీటి చుట్టుపక్కల చూడండి. మందుల కంపెనీలు, విత్తనాలు శుద్ధి చేసే కేంద్రాలు, ప్లాస్టిక్, ఇంజనీరింగు షెడ్లు, పెద్ద పెద్ద గోదాములు కనిపిస్తాయి. శామీర్‌పేట దాటితే తుర్కపల్లిలో 1999లో మొదలైన జినోమ్ వ్యాలీ ఉంది. వీటిలో మన ఊళ్లవాళ్లతో పాటు ఒడిశా, బీహారు నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తారు. చాలామంది కంపెనీ మనుషులు కారు, కాంట్రాక్టరు మనుషులు. వీళ్లందరి వృద్ధాప్యం ఆ జాబితా మీద ఆధారపడి ఉంది.

ఏర్పాటు ఇలా ఉంటుంది. 1952 నాటి చట్టం ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థలకు పి.ఎఫ్.ను తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఇరవై మంది అనే హద్దు అందులోనూ అలాగే ఉంది. సాధారణంగా కార్మికుడి జీతంలో 12 శాతం కోస్తారు. యజమాని మరో 12 శాతం కలపాలి. యజమాని కలిపే దానిలో 8.33 శాతం 1995 నవంబరు 16న మొదలైన ఉద్యోగుల పింఛను పథకానికి వెళ్తుంది. ప్రభుత్వం తన వంతుగా 1.16 శాతం ఇస్తుంది. 2014 సెప్టెంబరు 1 నుంచి పింఛను లెక్కకు జీతం పరిమితి నెలకు 15,000 రూపాయలు. కనీసం పదేళ్ల సర్వీసు ఉన్నవారికి 58 ఏళ్లు నిండాక నెలనెలా పింఛను వస్తుంది.

పింఛను లెక్క కష్టమైనదేమీ కాదు. జీతాన్ని సర్వీసు సంవత్సరాలతో గుణించి 70తో భాగిస్తారు. ఒక కార్మికుడు 14,000 జీతంతో 12 ఏళ్లు పనిచేశాడనుకుందాం. అతని పింఛను నెలకు 2,400 రూపాయలు. యజమాని అతని జీతాన్ని జాబితాలో 7,000గా చూపితే అది 1,200 అవుతుంది. జీతం సరిగ్గానే చూపి, మొదటి నాలుగేళ్లు పేరే ఎక్కించకపోతే సర్వీసు 8 ఏళ్లు అవుతుంది. పదేళ్లు నిండలేదు గనుక నెలనెలా పింఛను అసలే రాదు. కొంత సొమ్ము ఒకేసారి చేతికిచ్చి పంపేస్తారు. నాలుగేళ్ల అబద్ధం ఒక మనిషి ముసలితనం మొత్తాన్ని మింగేసింది.

దీనికంటే బరువైన విషయం మరొకటుంది. సభ్యుడు సర్వీసులో ఉండగా చనిపోతే, ఒక్క నెల చందా కట్టి ఉన్నా చాలు, అతని భార్యకు పింఛను వస్తుంది. ఒకేసారి ఇద్దరు పిల్లల చొప్పున 25 ఏళ్లు వచ్చేదాకా వారికీ పింఛను ఉంటుంది. దీనికి అనుబంధంగా ఉన్న బీమా పథకం కింద 7 లక్షల రూపాయల దాకా కుటుంబానికి అందవచ్చు. ఒక్క నెల జాబితాలో పేరుంటే వితంతువుకు ఆసరా ఉంది. పేరు లేకపోతే ఆమె భర్త ఆ షెడ్డులో పదేళ్లు పనిచేశాడని రుజువు చేయడానికి ఆఫీసుల చుట్టూ తిరగాలి. హాజరు పట్టీ యజమాని దగ్గరే ఉంటుంది. సాక్ష్యం చెప్పాల్సిన తోటి కూలీలు అదే యజమాని దగ్గర పనిచేస్తుంటారు.

తగ్గించే దారులు

కొలతలో తగ్గించేవారి గురించి ఒక పూర్తి సూరాయే ఉంది. అది ముతఫ్ఫిఫీన్ సూరా. తమకు రావలసింది తీసుకునేటప్పుడు నిండుగా కొలిచి తీసుకునేవారిని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని అల్లాహ్ ఆ సూరాలో తీవ్రంగా హెచ్చరించాడు. కొలత అంటే తక్కెడ, కుంచం మాత్రమే కాదని వ్యాఖ్యాతలు చెప్తారు. పని నిండుగా తీసుకుని హక్కు తగ్గించడం కూడా అందులోకే వస్తుంది.

ఈ కాలపు తక్కెడలో తగ్గించే దారులు చాలా ఉన్నాయి. ముప్పై మంది పనిచేస్తున్న చోట పందొమ్మిది మందిని చూపడం ఒకటి. ఒకే షెడ్డును కాగితం మీద రెండు కంపెనీలు చేసి, ఒకటి అన్న పేరుతో, ఇంకొకటి తమ్ముడి పేరుతో నడిపి, రెండు చోట్లా ఇరవైకి లోపే ఉన్నట్టు రాయడం ఇంకొకటి. మూడేళ్లుగా యంత్రం మీద పనిచేస్తున్నవాడిని ‘ట్రైనీ’ అని రాసి పక్కన పెట్టడం మరొకటి. వాళ్లు కాంట్రాక్టరు మనుషులు, మా లెక్కలోకి రారని కంపెనీ అంటుంది. కంపెనీ నాకిచ్చే రేటులో పి.ఎఫ్. లేదని కాంట్రాక్టరు అంటాడు. చట్టం మాత్రం కాంట్రాక్టరు ద్వారా పనిచేసే వారినీ లెక్కలోకి తీసుకుంటుంది, అసలు యజమానినీ బాధ్యుణ్ణి చేస్తుంది.

మూల వేతనం తగ్గించి, మిగతాదంతా రకరకాల భత్యాలుగా చూపడం కూడా పాత అలవాటే. అందరికీ ఒకే రీతిగా ఇచ్చే భత్యాలు పి.ఎఫ్. లెక్కలో మూల వేతనంలో భాగమేనని సుప్రీంకోర్టు 2019 ఫిబ్రవరి 28న తీర్పు చెప్పింది.

వీటన్నిటికంటే ఘోరమైనది కార్మికుడి జీతం నుంచి 12 శాతం కోసి, దాన్ని జమచేయకుండా వాడుకోవడం. అది అమానత్‌లో ఖియానత్ అని తెలుసుకోవడానికి ఫత్వా అవసరం లేదు. దేశ చట్టం కూడా అలా కోసిన సొమ్మును నమ్మి అప్పగించిన సొమ్ముగానే పరిగణిస్తుంది.

హజ్రత్ ఉమర్ (రజి) రాయించిన జాబితా

పేర్ల జాబితా, దానితో ముడిపడిన హక్కు అనే ఈ ఆలోచన మనకు కొత్తది కాదు. హజ్రత్ ఉమర్ (రజి) తన ఖిలాఫత్ కాలంలో (క్రీ.శ. 634-644) ‘దివాన్’ అనే పట్టికను రాయించారు. బైతుల్‌మాల్ నుంచి ఎవరెవరికి ఎంత భృతి అందాలో అందులో పేరు పేరునా రాశారు. రాసే పనిని వంశావళులు బాగా తెలిసిన అఖీల్ బిన్ అబీ తాలిబ్, మఖ్‌రమా బిన్ నౌఫల్, జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి) గార్లకు అప్పగించారు. వాళ్లు బనూ హాషిమ్ వంశంతో మొదలుపెట్టి, తర్వాత హజ్రత్ అబూబక్ర్ (రజి) వంశాన్ని, ఆ తర్వాత హజ్రత్ ఉమర్ (రజి) వంశాన్ని రాశారు. ఉమర్ (రజి) ఒప్పుకోలేదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం)కు బంధుత్వంలో దగ్గరగా ఉన్నవారిని వరుసగా రాయమని, ఆ వరుసలో తన వంశం ఎక్కడ వస్తే అక్కడే రాయమని ఆదేశించారు. జాబితా ఆయన చేతిలో ఉంది. అధికారం ఆయన చేతిలో ఉంది. అయినా ఉన్నది ఉన్నట్టు రాయించారు.

ఆ కాలానిదే ఇంకొక సంఘటనను చరిత్రకారులు ఉల్లేఖించారు. మొదట్లో పాలు మాన్పించిన పిల్లలకే భృతి ఇచ్చేవారు. ఒక రాత్రి ఉమర్ (రజి) గస్తీ తిరుగుతుండగా పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తల్లిని అడిగితే, భృతి కోసం బిడ్డకు గడువుకు ముందే పాలు మాన్పిస్తున్నానని చెప్పింది. ఆయన కదిలిపోయారు. ఆ రోజు ఫజ్ర్ నమాజులో ఏడుపు వల్ల ఆయన పఠనం కూడా జనానికి స్పష్టంగా వినిపించలేదు. ఆ వెంటనే పుట్టిన ప్రతి బిడ్డ పేరూ పట్టికలో ఎక్కించాలని ప్రకటన చేయించారు.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఉంది. హద్దు ఏదైనా సరే, దాని అంచున ఎవరో ఒకరు నలుగుతారు. ఆ సంగతి తెలిసినప్పుడు ఉమర్ (రజి) జాబితాను విస్తరించారు. మన కాలంలో ఇరవై మంది అనే హద్దు ఉంది. దాని అంచున నిలబడిన యజమాని జాబితాను కుదిస్తున్నాడు. ఇరవై మంది లేని చిన్న సంస్థ కూడా కార్మికుల సమ్మతితో స్వచ్ఛందంగా ఇందులో చేరవచ్చు, చట్టంలో ఆ వీలుంది. అంటే తలుపు రెండు వైపులా తెరుచుకుంటుంది. ఎటు తోస్తామో మన మనసు మీద ఆధారపడి ఉంది.

బీడీ కార్మికుల అనుభవం

జాబితాలో పేరు లేకపోతే ఏమవుతుందో మన రాష్ట్రమే ఒకసారి పెద్ద ఎత్తున చూసింది. నిజామాబాద్, జగిత్యాల వంటి జిల్లాల్లో లక్షలాది స్త్రీలు ఇళ్లలో కూర్చుని బీడీలు చుడతారు. వారిలో ముస్లిం స్త్రీలు కూడా చాలామంది. ఇంట్లో చుట్టేవాళ్లు మా ఉద్యోగులు కారని బీడీ యజమానులు వాదించారు. పి.ఎఫ్. విషయంలో వాళ్లూ ఉద్యోగులేనని సుప్రీంకోర్టు 1985లో తేల్చింది. అయినా అందరి పేర్లూ జాబితాలకు ఎక్కలేదు.

2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు 1,000 రూపాయల భృతి మొదలుపెట్టింది. 2019లో అది 2,016 రూపాయలు అయింది. ఎవరు బీడీ కార్మికురాలో తేల్చడానికి ప్రభుత్వం ఆధారంగా తీసుకున్నది పి.ఎఫ్. సభ్యత్వాన్నే. 2014 ఫిబ్రవరి 28 నాటికి సభ్యత్వం ఉండాలన్నారు. ఇద్దరు స్త్రీలు ఒకే అరుగు మీద కూర్చుని, ఒకే తునికాకు కత్తిరించి, అవే బీడీలు చుట్టారు. ఇద్దరి వేళ్లకూ అదే పొగాకు ఘాటు అంటింది. పేరున్నామెకు భృతి వచ్చింది, లేనామెకు రాలేదు. ఎన్నో ఏళ్ల క్రితం ఎవరో ఒకరు పేరు రాయకుండా వదిలేసినప్పుడు రాబోయే ఈ భృతి గురించి వారికి తెలియదు. జాబితాలో పేరు తగ్గించేవాడికి తాను ఎంత తగ్గిస్తున్నాడో ఎప్పటికీ పూర్తిగా తెలియదు. సొమ్ము తగ్గిస్తే లెక్క ఉంటుంది. గుర్తింపు తగ్గిస్తే దానికి లెక్క లేదు.

కొన్ని వాదనలు

జుమా తర్వాత మసీదు వరండాల్లో ఈ ప్రస్తావన వస్తే కొన్ని మాటలు తరచూ వినిపిస్తాయి. వాటిని కొట్టిపారేయకుండా ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది: “కార్మికుడే వద్దంటున్నాడు. జీతం కోత లేకుండా మొత్తం చేతికిమ్మంటున్నాడు. అతని ఇష్టమే కదా!” ఇది పూర్తిగా అబద్ధం కాదు. ఊరికి డబ్బు పంపాల్సిన కూలీకి ఈ నెల పదిహేను వందలు ముఖ్యం, ముప్పై ఏళ్ల తర్వాతి పింఛను కాదు. అయితే మూడు విషయాలు ఆలోచించండి. అతను వదులుకుంటున్నది తన హక్కు ఒక్కటే కాదు. భార్య హక్కు, పిల్లల హక్కు అందులో ఉన్నాయి. వాళ్లను ఎవరూ అడగలేదు. రెండోది, వద్దంటే అతని 12 శాతం చేతికొస్తుంది. మరి యజమాని కలపాల్సిన 12 శాతం ఎవరి జేబులో మిగులుతోంది? ఆ మాట అతనికి చెప్పి ఒప్పించామా? మూడోది, అతను నిజంగానే ఒప్పుకున్నాడనుకున్నా, ఒప్పుకున్నందువల్ల అబద్ధం నిజమైపోదు. ‘ఈ మనిషి మా దగ్గర పనిచేయడం లేదు’ అని యజమాని రాస్తున్నాడు. ఆ మనిషి షెడ్డులో నిలబడి ఉన్నాడు.

రెండో వాదన: “ఇది ప్రభుత్వ చట్టం, షరీఅత్ ఆజ్ఞ కాదు.” షరీఅత్ ఒప్పందాలను నెరవేర్చమంటుంది. మాయిదా సూరా ఆ ఆజ్ఞతోనే మొదలవుతుంది. సంస్థను నమోదు చేయించుకున్నప్పుడు ఈ నిబంధనలకు మనం ఒప్పుకున్నాం. పైగా హక్కుదారుకు హక్కు చేర్చే ఏర్పాటును ఎవరు చేశారని ఇస్లాం మొదట చూడదు. దైవదౌత్యానికి ముందు మక్కాలో ‘హిల్ఫుల్ ఫుజూల్’ అనే ఒప్పందం జరిగింది. యెమెన్ నుంచి వచ్చిన ఒక వర్తకుడి సరుకు తీసుకుని మక్కా పెద్ద ఒకడు ధర చెల్లించలేదు. అన్యాయానికి గురైనవాడు ఎవరైనా సరే, అతని హక్కు ఇప్పించేదాకా అతని వైపే నిలబడతామని కొన్ని తెగలు ప్రమాణం చేశాయి. దైవప్రవక్త (స) యువకుడిగా అందులో పాల్గొన్నారు. ఇస్లాం వచ్చిన తర్వాత కూడా, అలాంటి ఒప్పందానికి పిలిస్తే తాను స్పందిస్తానని సెలవిచ్చారు. పరాయి ఊరి వర్తకుడి కోసం జరిగిన ఆ ఒప్పందానికీ, పరాయి రాష్ట్రపు కూలీ కోసం ఉన్న ఈ ఏర్పాటుకూ ఉద్దేశం ఒక్కటే.

మూడో వాదన: “పి.ఎఫ్.లో వడ్డీ ఉంది. అందుకే మేము దూరంగా ఉంటున్నాం.” ఈ విషయంపై ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు ప్రత్యేకంగా ఒక పుస్తకమే రాశారు. నిర్బంధంగా కోసే భాగం ఉద్యోగి చేతికి రాదు, అతని యాజమాన్యంలోకీ రాదు. కనుక దానిపై ఇచ్చే అదనం షరీఅత్ పరిభాషలో సూద్ కిందికి రాదని ఆయన తీర్పు. ఉద్యోగి తన ఇష్టంతో అదనంగా కోయించుకునే భాగం విషయంలో మాత్రం జాగ్రత్త వహించమన్నారు. భారతదేశపు ఉలమాలో చాలామంది ఇదే మార్గాన్ని అనుసరిస్తారు. అయినా మనసులో సంశయం ఉన్నవారు తమ వంతుకు వచ్చిన అదనం విషయంలో ముఫ్తీలను సంప్రదించవచ్చు. కాని కార్మికుడు వడ్డీ తింటాడేమోనని భయపడి అతని పేరు తీసేసి, యజమాని వాటా తన దగ్గరే ఉంచుకోవడం ఎలాంటి తఖ్వా? వడ్డీ నుంచి తప్పించుకోవాలని బయలుదేరి కూలీవాడి హక్కులో పడిపోవడం అది.

నాలుగో వాదన అన్నిటికంటే నిజాయితీ గలది: “అందరూ తగ్గించే రాస్తున్నారు. నేనొక్కడినే నిజం రాస్తే నా రేటు పెరుగుతుంది, ఆర్డరు ఇంకొకరికి పోతుంది.” ఈ కష్టం కల్పితం కాదు. చిన్న కాంట్రాక్టరు మీద పైనుంచి, కింది నుంచి ఒత్తిడి ఉంటుంది. కానీ ఈ మాట చాలా పాతది. హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) మద్‌యన్ ప్రజలకు కొలతలు నిండుగా ఇమ్మని చెప్పినప్పుడు, మా సొమ్మును మా ఇష్టప్రకారం వాడుకోవద్దని నీ నమాజు ఆదేశిస్తోందా అని వాళ్లు ఎగతాళి చేశారని హూద్ సూరా తెలుపుతోంది. నమాజుకూ బజారుకూ సంబంధం లేదన్నది వాళ్ల వాదన. సంబంధం ఉందన్నది షుఐబ్ (అలైహిస్సలాం) బోధన. అల్లాహ్ మిగిల్చిన ధర్మసమ్మతమైన లాభమే మీకు మేలని ఆయన చెప్పారు. ఇక్కడ ఒక బాధ్యత ఆర్డరు ఇచ్చే పెద్ద సంస్థలదీ. పి.ఎఫ్. కలిపితే ఎవరికీ గిట్టుబాటు కాని రేటుకు పని అప్పగించి, చేతులు కడుక్కుని, కాంట్రాక్టరే తప్పు రాశాడంటే సరిపోదు. అబద్ధం రాయక తప్పని రేటు ఇచ్చినవాడు ఆ అబద్ధంలో భాగస్వామి.

ఎక్కువ రాయడమూ అబద్ధమే

తగ్గించడమే కాదు, పెంచడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. మనుషులు లేని పేర్లు ఎక్కించడం, పని చేయని బంధువుల్ని ఉద్యోగులుగా చూపడం, టెండరు కోసం కాగితం మీద కూలీలను పుట్టించడం ఇలాంటివే. 2016లో మొదలైన ఒక పథకం కింద 15,000 రూపాయల లోపు జీతం ఉన్న కొత్త ఉద్యోగుల విషయంలో యజమాని వాటాను కేంద్ర ప్రభుత్వం భరించింది. అలాంటప్పుడు పాతవాడిని తీసేసినట్టు చూపి కొత్తవాడిగా మళ్లీ ఎక్కించాలన్న ఆశ పుడుతుంది. ఆ సొమ్ము ప్రజలది.

ఇంకొక రకం తప్పు తెలియక జరుగుతుంది. 2014 సెప్టెంబరు 1 తర్వాత మొదటిసారి చేరినప్పుడే 15,000 రూపాయలకు మించి జీతం ఉన్నవారు పి.ఎఫ్.లో ఉంటారు గాని, పింఛను పథకంలో సభ్యులు కారు. అర్హత లేనివారిని పింఛను సభ్యులుగా చూపితే, అర్హత ఉన్నవారిని వదిలేస్తే, ఆ పొరపాటు ఎన్నో ఏళ్ల తర్వాత మనిషి 58 ఏళ్ల వయసులో దరఖాస్తు పెట్టుకున్నప్పుడు బయటపడుతుంది. అప్పటికి సంస్థ ఉండకపోవచ్చు, రాసినవాడు ఉండకపోవచ్చు. తెలియక చేసిన తప్పుకు క్షమాపణ ఉంది. తెలుసుకోగలిగి కూడా తెలుసుకోకపోవడం నిర్లక్ష్యం. నిసా సూరా 135వ ఆయత్‌లో న్యాయం కోసం నిలబడి, స్వయంగా మీకే వ్యతిరేకమైనా సాక్ష్యం ఇమ్మన్న ఆజ్ఞ ఉంది. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నదే దాని సారం.

రాసేవాడి బాధ్యత

మన యువకులు చాలామంది ఈ ప్రాంతంలో అకౌంటెంట్లుగా, సూపర్‌వైజర్లుగా పనిచేస్తున్నారు. “సేఠ్ చెప్పాడు, నేను టైపు చేశాను. నాకేం పాపం?” అని వాళ్లు అడుగుతారు. వడ్డీ వ్యవహారంలో తీసుకునేవాణ్ణి, ఇచ్చేవాణ్ణి మాత్రమే కాక, దాన్ని రాసేవాణ్ణి, సాక్షుల్ని కూడా దైవప్రవక్త (స) శపించారని సహీ ముస్లిం హదీసు తెలుపుతోంది. అన్యాయపు కాగితం రాసేవాడు కేవలం పనిముట్టు కాదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

కాని ఉద్యోగం పోతుందన్న భయం కూడా నిజమే. అలాంటి సోదరుడు మొదట యజమానికి ఏకాంతంలో, మర్యాదగా, లెక్కలు చూపి చెప్పాలి. ఆలస్యానికి వడ్డీ, జరిమానా ఎంత అవుతాయో, తనిఖీలో బయటపడితే ఏమవుతుందో వివరించాలి. చాలామంది యజమానులు దుర్మార్గులు కారు, అలవాటుపడినవారు. వినకపోతే తన చేతితో తప్పుడు జాబితా రాయకుండా పని మార్చమని కోరాలి. అదీ కుదరకపోతే వేరే ఉపాధి వెతుక్కోవాలి. ఉపాధి ఇచ్చేవాడు అల్లాహ్.

గుహలో ఆగిపోయిన మూడోవాడు

బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ప్రసిద్ధమైన హదీసు ఒకటుంది. ముగ్గురు మనుషులు గుహలో తలదాచుకోగా బండరాయి దొర్లి దారి మూసుకుపోయింది. ఒక్కొక్కరు తాము అల్లాహ్ కోసం చేసిన ఒక మంచి పనిని పేర్కొని వేడుకున్నారు. మూడోవాడు కూలీలను పెట్టుకున్నవాడు. అందరికీ కూలి ఇచ్చాడు. ఒక్కడు మాత్రం తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఇతను ఆ కూలిని వృద్ధి చేశాడు. అది పశువుల మందలుగా పెరిగింది. చాలా కాలానికి ఆ కూలీ తిరిగొచ్చి తన కూలి అడిగాడు. ఈ మందలన్నీ నీవేనని యజమాని అన్నాడు. నాతో పరిహాసమాడకు అన్నాడు కూలీ. పరిహాసం కాదని మొత్తం అతనికి అప్పగించాడు. ఆ పనిని పేర్కొని దుఆ చేయగా బండ తొలగిపోయింది.

ఆ కూలీ దగ్గర రసీదు లేదు. జాబితా లేదు. అడిగే అధికారి లేడు. యజమాని మనసులో రాసి ఉన్న ఒక్క పేరు అతని హక్కును కాపాడింది. మన కాలంలో ఆ పని కాగితానికి అప్పగించారు. నెలనెలా తీసిపెట్టి, పెంచి, ముసలితనంలో తిరిగివ్వడానికే ఈ ఏర్పాటు. అందులో పేరు తీసేయడమంటే తిరిగొచ్చిన కూలీతో ‘నువ్వెవరో నాకు తెలియదు’ అనడమే.

ఇప్పుడేం చేయాలి?

అల్లాహ్ హక్కులో లోపం జరిగితే తౌబా ఉంది. దాసుల హక్కులో లోపం జరిగితే ఆ హక్కు చెల్లించనిదే తౌబా పూర్తికాదు. యజమాని వెంటనే చేయవలసింది, పనిచేస్తున్న ప్రతి ఒక్కరి పేరూ చేరిన తేదీతో, నిజమైన జీతంతో ఎక్కించడం. పాత ఏళ్ల సంగతికి ప్రభుత్వం కూడా అప్పుడప్పుడు దారి చూపుతోంది. 2017లో ఒకసారి అలాంటి అవకాశం ఇచ్చారు. మళ్లీ 2025 నవంబరు 1 నుంచి 2026 ఏప్రిల్ 30 దాకా గడువుతో ఒక పథకం ప్రకటించారు. 2017 జూలై నుంచి 2025 అక్టోబరు మధ్య వదిలేసిన ఉద్యోగులను యజమాని స్వయంగా ప్రకటించి చేర్చుకోవచ్చు. జీతం నుంచి కోయని పక్షంలో ఉద్యోగి వాటా మాఫీ. యజమాని తన వాటా వడ్డీతో కట్టి, నామమాత్రంగా 100 రూపాయల జరిమానా చెల్లిస్తే చాలు. ఇలాంటి గడువులు వస్తాయి, పోతాయి. హక్కుదారు పట్ల మన బాధ్యతకు మాత్రం గడువు ముగియదు. వెళ్లిపోయిన కూలీ ఆచూకీ తెలిస్తే అతని బాకీ అతనికి చేర్చాలి. చనిపోయి ఉంటే వారసులకు ఇవ్వాలి.

కార్మిక సోదరులు, సోదరీమణులు కూడా తమ వంతు చేయాలి. మీ యు.ఎ.ఎన్. నంబరు అడిగి తీసుకోండి. చేరిన తేదీ, పుట్టిన తేదీ, తండ్రి పేరు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి. పాస్‌బుక్‌లో ప్రతి నెలా జమ పడుతోందో లేదో ఉమాంగ్ యాప్‌లో చూడవచ్చు, చదువుకున్న పిల్లల చేత చూపించుకోండి. యజమాని మారినప్పుడు పాత నంబరు చెప్పండి, దాచకండి. మీ మాట కూడా సాక్ష్యమే. మసీదు కమిటీలు నెలకొకసారి అస్ర్ తర్వాత ఒక గంట ఇలాంటి సహాయానికి కేటాయిస్తే అది గొప్ప సేవ అవుతుంది. దానికి మతభేదం ఉండకూడదు. ముసలితనంలో అడుక్కుంటున్న ఒక యూదుణ్ణి చూసి, యౌవనంలో అతని నుంచి జిజియా తీసుకుని వృద్ధాప్యంలో వదిలేయడం న్యాయం కాదని బైతుల్‌మాల్ నుంచి భృతి ఏర్పాటు చేసింది ఈ ఉమ్మత్ ఖలీఫాయే, హజ్రత్ ఉమర్ (రజి).

దైవప్రవక్త (స) ఒకసారి నిజమైన దివాలాకోరు ఎవరో సహచరులకు వివరించారు. ప్రళయదినాన నమాజులు, ఉపవాసాలు, జకాత్ వెంట తెచ్చుకుని, లోకంలో ఇతరుల సొమ్ము తిన్నందుకు, వారిని బాధించినందుకు తన పుణ్యాలన్నీ వారికి పంచి ఇవ్వాల్సి వచ్చేవాడే ఆ దివాలాకోరు. ఆ రోజు తెరిచే పుస్తకంలో చిన్నదీ పెద్దదీ ఏదీ వదిలిపెట్టబడదని కహఫ్ సూరా చెప్తోంది. ఇక్కడి జాబితాలో మనం వదిలేసిన పేర్లన్నీ అక్కడి పుస్తకంలో ఉంటాయి. అవి ఎదురుపడక ముందే వాటిని ఇక్కడ రాసేద్దాం.

అల్లాహ్ మన కలాలను, మన లెక్కలను నిజంతో నింపుగాక! కష్టించేవారి హక్కు తగ్గించకుండా అందించే సౌభాగ్యాన్ని మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.